పదిహేను నిమిషాలు

గజపతినగరం బస్టాండు ఎదురుగా
జిరాక్సు, లామినేషను, ఆధారు, టికెట్లు.
బోర్డు మీద నా పేరు కంటే ఇవే పెద్దవి.
మే నెల, కరెంటు వచ్చిపోతున్న మధ్యాహ్నం
లెంక సన్యాసమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి
కొంగుముడి విప్పి ఫోను తీసింది,
బెల్లంముక్క తీసినంత జాగ్రత్తగా.

"అయిదరాబాదులో ఇత్తనాల పండగంట బావూ,
నా సోళ్లూ గంటెలూ అట్టుకు రమ్మన్నారు.
ఇమానం టిక్కెట్టు ఇందులో ఏసారంట.
కాయితం మీద కొట్టీ."

కొట్టాను. రెండు కాగితాలు, పది రూపాయలు.
చదివి చెప్పమంది.
విశాఖ నుంచి హైదరాబాదు,
గాలిలో గీత గీస్తే ఐదువందల కిలోమీటర్ల పైచిలుకు.
వెళ్ళడానికి గంటా ఇరవై ఐదు,
రావడానికి గంటా పది.

ఆమె వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకుంది.
"తోవ ఒకటేనా?"
ఒకటే.
"బండో?"
అలాంటిదే.
"మరి ఆ పావుగంట ఎవుడు తినీసినాడు?"

ఫొటోల కోసం కూర్చున్న కుర్రాళ్ళు నవ్వారు.
నేను నవ్వలేకపోయాను.
పన్నెండేళ్ళుగా ఆ రెండు అంకెల్నీ
ఒకే కాగితం మీద అచ్చుకొడుతున్నాను.
ఒకసారీ ఒకదాని పక్కన ఇంకోదాన్ని చూడలేదు.
కంపెనీవాళ్ళు అలా వేస్తారమ్మా, అన్నాను,
ఏదో ఒకటి అనాలి కదా.

ఆమె బల్ల మీది పరీక్ష అట్టను
రెండు చేతులా ఎత్తి పట్టుకుంది, చేటలా.
వంచి, చిన్నగా ఊపింది.
లేని గింజలు కాళ్ళ దగ్గర పడ్డాయి,
లేని పొట్టు జిరాక్సు మిషను మీదుగా ఎగిరిపోయింది.

"మీద పడమటిగాలి ఉంటాది గావాల.
ఎల్లినప్పుడు ఎదురు.
వొచ్చినప్పుడు ఈపు మీద సెయ్యేసి తోస్తాది."

'తూర్పార పట్టడం' అంటే
పేపర్లో నాయకులు ఒకరినొకరు చేసుకునేదనే
అప్పటిదాకా నాకు తెలిసింది.

ఇప్పుడు వీస్తున్నది సముద్రం గాలే కదా, అన్నాను, ఓడిపోవడం ఇష్టంలేక.
"కింద గాలి కిందే, మీద గాలి మీదే.
తాటాకు ఇటూగితే మబ్బు అటెల్డం
నువ్వెప్పుడూ సూడ్నేదా?"

తర్వాత అసలు ప్రయాణం రాసిమ్మంది.
కాగితం వెనకవైపు రాశాను:
మెంటాడ అవతల ఆమె ఊరు నుంచి ఆటో,
పదకొండుమంది ఎక్కితేగాని కదలదు.
ఇక్కడ బస్సు. విజయనగరం కాంప్లెక్సులో ఇంకో బస్సు.
ఎన్.ఎ.డి. దగ్గర దిగి మళ్ళీ ఆటో.
రెండు గంటల ముందే గేటు దగ్గర ఉండాలి.
మొత్తం కూడితే, వంద కిలోమీటర్లైనా లేని దారికి
తెల్లారగట్ట బయల్దేరాలి.

"దీనికి ఏ గాలి ఎదురో?" అంది,
కాగితం మడిచి జాకెట్లో దోపుకుంటూ.

పదిరోజులకి మళ్ళీ వచ్చింది.
మెషిన్లో మూట తిరగేసి చూశారట,
చోళ్ళు చూసి ఆ పిల్ల పోలీసు
"మా అమ్మమ్మ అంబలి కాచేది" అందట.
కిటికీ పక్క సీటు దొరకలేదు.
తిరిగి వచ్చేటప్పుడు విమానం
నేల మీదే నలభై నిమిషాలు నిలబడిపోయింది.

మరి గాలి తోసిందా, అని అడిగాను.
"తోసింది గానీ,
ఎగరనిచ్చినాక గదా."

దోసెడు చోళ్ళు బల్ల మీద పోసి
ఆటో నిండుతోందని పరుగెత్తింది.
కొన్ని కీబోర్డు సందుల్లో పడ్డాయి, ఇంకా రాలేదు.
ఎఫ్ నొక్కితే కరకరమంటుంది.

ఆ సాయంత్రం షట్టరు దించుతూ
మొదటిసారి తలెత్తాను.
బస్టాండు మీద జెండా పడమటికి కొట్టుకుంటోంది.
దాని పైన, చాలా పైన,
దూదిపింజల్లాంటి మబ్బులు
నాలుగో ఐదో,
తూర్పుకి పోతున్నాయి.